పడినవానికి తోడు: త్రాగుడు నుండి విడుదలలో ‘స్పాన్సర్’ పాత్ర

‘స్పాన్సర్’ అనే మాట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. మిషను హాస్టళ్లలో చదివిన పిల్లలకు ఎక్కడో విదేశములో ఒక స్పాన్సర్ ఉండేవాడు. క్రిస్మస్‌కు ఆయన పేరుమీద కార్డు వచ్చేది. కువైట్, మస్కట్ వెళ్లిన మన అక్కచెల్లెళ్లకు అక్కడ వీసా ఇచ్చిన స్పాన్సర్ ఉంటాడు. సంక్రాంతికి వాలీబాల్ పోటీలు పెడితే కప్పు కొనిచ్చినవాడు స్పాన్సర్. ఈ ముగ్గురికీ ఒక పోలిక ఉన్నది. డబ్బు గలవాడు లేనివానికి పూచీ పడటమే ఆ పోలిక.

అయితే డబ్బుతో పని లేని స్పాన్సర్ మరొకడున్నాడు. అతడు ఒకప్పుడు త్రాగి త్రాగి నేలబడ్డవాడు. ఇప్పుడు లేచి నడుస్తున్నవాడు. ఇంకా నేలమీదనే ఉన్నవాని ప్రక్కన కూర్చుండి, “నేనూ ఇక్కడే పడ్డాను తమ్ముడూ, లేచిన దారి చెబుతాను” అనేవాడు. ఈ నెల మనము ఆలోచించబోయేది ఈ నాలుగవ స్పాన్సర్‌ను గూర్చి.

ఎందుకు ఆలోచించాలి? మన సంఘములలో తరచుగా జరిగే సంగతి ఒకటి పాఠకులకు తెలియనిది కాదు. ఉజ్జీవ కూటములలో ఒక సహోదరుడు కన్నీళ్లతో ముందుకు వస్తాడు. బైబిలు మీద చెయ్యి వేసి ఇక ముట్టనని ప్రమాణము చేస్తాడు. భార్య ఏడుస్తుంది, తల్లి ఏడుస్తుంది, సంఘమంతా స్తోత్రము చెబుతుంది. ఆదివారము, సోమవారము గడుస్తాయి. మంగళవారము సాయంత్రము పని దిగి, కూలి డబ్బు జేబులో పెట్టుకొని అతడు నల్లజర్ల కూడలిలో నిలబడతాడు. గొంతు ఎండిపోతుంది, చేతులు వణుకుతాయి. ఆ నిమిషములో అతడు ఎవరితో మాట్లాడాలి? భార్యతో చెబితే భయపడుతుంది. కాపరితో చెప్పటానికి సిగ్గు. స్నేహితులంతా దుకాణములోనే ఉన్నారు. ఆదివారమునకు ఆదివారమునకు మధ్యనున్న ఈ ఆరు దినములలోనే ఎందరో మనుష్యులు మరల పడిపోతున్నారు. ఆ ఆరు దినముల ఖాళీలో నిలబడేవాడే స్పాన్సర్.

దుకాణము మూసినా దాహము తీరలేదు

మన రాష్ట్రము త్రాగుడుతో చేసిన పోరాటము చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు ఏకమై సారా దుకాణము మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమ్రోగింది. ఆ ఉద్యమము జిల్లాలన్నిటికి పాకగా 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము తెచ్చింది. 1997లో అది సడలిపోయింది. తరువాత దుకాణములు ప్రైవేటువారి చేతి నుండి 2019లో ప్రభుత్వము చేతికి, 2024 అక్టోబరులో మరల ప్రైవేటువారి చేతికి మారాయి.

మన ప్రక్కనే జరిగిన దుఃఖమును కూడ తలచుకుందాము. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెములో కొద్ది దినముల వ్యవధిలో పలువురు మరణించారు. కల్తీసారాయే కారణమని కుటుంబములవారు, ప్రతిపక్షమువారు అన్నారు; అవి సహజ మరణములని ప్రభుత్వము శాసనసభలో చెప్పింది. వాదము ఎటు తేలినా ఆ ఇండ్లలో దీపము ఆరిపోయింది.

చట్టము అక్కరలేదని మేము అనము. దూబగుంట తల్లులు చేసినది గొప్ప పని. అయితే ముప్పది యేండ్లకు పైబడిన ఈ అనుభవము మనకొక సంగతి నేర్పుతుంది. దుకాణము మూస్తే వీధి బాగుపడుతుంది గాని, వ్యసనములో చిక్కిన మనిషి లోపలి దాహము దానంతట అది తీరదు. తాళము దుకాణమునకు వేయవచ్చును గాని గొంతుకు వేయలేము. ఆ మనిషికి మరొక మనిషి కావాలి.

కేంద్ర ప్రభుత్వము కొరకు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశములో సుమారు 16 కోట్ల మంది మద్యము త్రాగుతున్నారనీ, వారిలో 5.7 కోట్ల మందికి సహాయము అవసరమనీ అది తెలిపింది. మద్యమునకు పూర్తిగా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స పొందినవారు 38 మందికి ఒక్కరు మాత్రమే! మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? మన వీధిలో, మన బంధువులలో, కొందరు మన ఆరాధనలో వెనుక బల్లమీద కూర్చున్నారు.

పాపమా? రోగమా?

ఈ ప్రశ్న మమ్మును చాలామంది అడుగుతారు. మొదటి గ్లాసు ఎత్తిన చెయ్యి మనిషిదే. ఆ బాధ్యతను ఎవరూ తీసివేయలేరు. అయితే కొందరిలో కొంతకాలము తరువాత శరీరమే మద్యమునకు అలవాటుపడి, అది లేనిదే నడవని స్థితికి వస్తుంది. 1956లోనే అమెరికా వైద్య సంఘము దీనిని రోగముగా గుర్తించింది. రోగికి ఒట్టు మందు కాదు. మధుమేహము గలవానిని “ఇక నీకు షుగరు రాకూడదు, ప్రమాణము చెయ్యి” అని ఎవరైనా అంటారా?

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఏండ్ల తరబడి ప్రతిదినము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా ఆపితే ప్రాణమునకే అపాయము రావచ్చును. మొదటి రెండు మూడు దినములలో వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. లేనివి కనబడినట్లు, వినబడినట్లు కలవరించవచ్చు. దీనిని దయ్యము పట్టిందనుకొని గదిలో పెట్టి తాళము వేసే కుటుంబములు ఉన్నాయి. అలా చేయకండి. ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. బి-1 విటమిను, నరములను శాంతపరచే మందులు వైద్యుని పర్యవేక్షణలో ఇస్తే ఆ గండము గడుస్తుంది. ప్రార్థన మానమని మేము చెప్పటము లేదు. ప్రార్థిస్తూనే ఆటో పిలవమంటున్నాము.

అలాగే “త్రాగుడు మాన్పించే మందు” అని భర్తకు తెలియకుండా కూరలో కలిపి పెట్టే అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. డైసల్ఫిరామ్ వంటి మందు కడుపులో ఉండగా మద్యము త్రాగితే ముఖము ఎర్రబడి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి ప్రాణము మీదికి రావచ్చును. అది రోగికి తెలిసి, అతని ఒప్పుదలతో, వైద్యుడు ఇవ్వవలసిన మందు. అమ్మలారా, దయచేసి ఈ పని చేయకండి.

ఆసుపత్రి శరీరములోని విషమును కడుగుతుంది. అందుకు వారమో పది దినములో చాలవచ్చు. తరువాతి సంవత్సరముల మాట ఏమిటి? స్పాన్సర్ కథ అక్కడే ప్రారంభమవుతుంది.

ఆక్రన్ పట్టణములో ఒక సాయంత్రము

అమెరికాలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఉండేవాడు. త్రాగుడు వలన పేరు, సొమ్ము, ఆరోగ్యము పోగొట్టుకున్నాడు. 1934 చివరిలో అతని పాత త్రాగుడు స్నేహితుడు ఎబీ థాచర్ ఇంటికి వచ్చాడు. బిల్ గ్లాసు ముందుకు తోస్తే ఎబీ వద్దన్నాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ సహవాసములో చేరి త్రాగుడు మానానని చెప్పాడు. ఆ డిసెంబరులో బిల్ న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో చేరి, మరల ఎన్నడు మద్యము ముట్టలేదు.

బయటికి వచ్చిన బిల్ కనిపించిన త్రాగుబోతునల్లా మార్చాలని నెలల తరబడి తిరిగాడు. ఒక్కడూ మారలేదు! అయితే అతని భార్య లోయిస్ ఒక సంగతి గుర్తుచేసింది. వారు మానకపోయినా, వారి కొరకు తిరిగిన నీవు మాత్రము త్రాగకుండ ఉన్నావు గదా అన్నది. ఆసుపత్రి వైద్యుడు సిల్క్‌వర్త్ మరొక సలహా ఇచ్చాడు. ముందే ప్రసంగము చేయవద్దనీ, మొదట నీ రోగమును గూర్చి, నీవు పడిన బాధను గూర్చి చెప్పుమనీ అన్నాడు. మా వంటి ప్రసంగీకులు జేబులో వ్రాసి పెట్టుకోవలసిన సలహా ఇది.

1935 మే నెలలో వ్యాపారము పనిమీద బిల్ ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణము వెళ్లాడు. పని చెడిపోయింది. చేతిలో కొద్ది డబ్బుతో, ఒంటరిగా, హోటలు వరండాలో నిలబడ్డాడు. ఒక ప్రక్క బారులో నుండి నవ్వులు వినబడుతున్నాయి. మరొక ప్రక్క గోడమీద పట్టణములోని సంఘముల పేర్ల పట్టిక, దాని దగ్గర టెలిఫోను. మన కూడలిలో నిలబడిన సహోదరుని స్థితికి, ఆ హోటలులో నిలబడిన బిల్ స్థితికి ఏమి తేడా ఉన్నది?

బిల్ ఫోనువైపు వెళ్లాడు. వాల్టర్ టంక్స్ అనే పాదిరిగారికి ఫోను చేశాడు. తనకు సహాయము చేసేవాడు కావాలని అడగలేదు. తాను మాట్లాడటానికి మరొక త్రాగుబోతు కావాలని అడిగాడు! పాదిరిగారు కొన్ని పేర్లు ఇచ్చారు. ఆ పేర్ల వెంట వెళ్లగా హెన్రియెట్టా సైబర్లింగ్ అనే విశ్వాసురాలు దొరికింది. మరునాడు, మే 12న, మదర్స్ డే సాయంత్రము, ఆమె తన ఇంట డాక్టరు రాబర్ట్ స్మిత్ అనే శస్త్రవైద్యుని బిల్‌కు పరిచయము చేసింది. ఆయన చేతులు వణికే త్రాగుబోతు. పదిహేను నిమిషములు మాత్రమే ఉంటానని షరతు పెట్టి వచ్చాడు. రాత్రి పదకొండు దాటేవరకు కదలలేదు. ఎందుకు? తనకు నీతులు చెప్పనివాడు, తన భాష తెలిసినవాడు మొదటిసారి ఎదురుపడ్డాడు.

డాక్టరు బాబ్ ఆ తరువాత ఒకసారి మరల పడ్డాడు. వైద్యుల సభకు అట్లాంటిక్ సిటీ వెళ్లి త్రాగి వచ్చాడు. బిల్ అతనిని విడిచిపెట్టలేదు. 1935 జూన్ 10 అతని చివరి త్రాగుడు దినము. ఆ దినమునే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సహవాసము పుట్టినరోజుగా ఎంచుతారు. ‘ఎ.ఎ.’ అని పిలుస్తారు. 1939లో వారి గ్రంథము వెలువడింది; అందులో పన్నెండు మెట్లు ఉన్నాయి. 1957లో ఈ సహవాసము బొంబాయిలో నాటుకొని మన దేశములో వ్యాపించింది. చేరుటకు రుసుము లేదు, కులము మతము అడగరు. త్రాగుడు మానాలనే కోరిక ఒక్కటే అర్హత.

ఆ మాట ఎలా వచ్చింది?

ఆ కాలములో త్రాగుబోతును ఆసుపత్రులు సులభముగా చేర్చుకొనేవి కావు. 1939లో ఆక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో చేర్పుల పని చూచే సిస్టర్ ఇగ్నేషియా అనే కన్యాస్త్రీ, డాక్టరు బాబ్‌తో కలిసి వారికి మంచము ఇవ్వసాగింది. ఆ తొలి దినములలో రోగిని చేర్చాలంటే సహవాసములోని ఒక సభ్యుడు అతనికి పూచీ పడాలి. చేర్చేటప్పుడు వెంట ఉండాలి, ప్రతిదినము వచ్చి చూడాలి, బయటికి వచ్చినప్పుడు ఇంటికి తీసుకువెళ్లి, తరువాత కూటమునకు వెంటబెట్టుకొని వెళ్లాలి. అతనినే ‘స్పాన్సర్’ అన్నారు. మన భాషలో చెప్పాలంటే జామీను ఉన్నవాడు. 1950లో డాక్టరు బాబ్ మరణించేనాటికి ఆయన, సిస్టర్ ఇగ్నేషియా కలిసి అయిదు వేల మందికి సేవ చేశారు.

లేఖనములు చదివేవారికి ఈ పని క్రొత్తగా అనిపించదు. సౌలు మారుమనస్సు పొంది యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులంతా భయపడ్డారు. అతని మాట ఎవరూ నమ్మలేదు. బర్నబా ఒక్కడు అతనిని చేరదీసి అపొస్తలుల యొద్దకు తీసుకొని వెళ్లి, అతని పక్షముగా మాట్లాడాడు (అపొ. కార్య. 9వ అధ్యాయము). తరువాత మార్కు మధ్యలో పని విడిచి వెళ్లిపోతే, పౌలు వద్దన్నా, బర్నబాయే అతనికి రెండవ అవకాశమిచ్చి వెంటబెట్టుకొని వెళ్లాడు. లోకము నమ్మని వానికి జామీను ఉండటము బర్నబా పని. త్రాగుబోతు మాట ఊరిలో ఎవరూ నమ్మరు. అతనికి ఒక బర్నబా కావాలి.

స్పాన్సర్ ఏమి చేస్తాడు?

మొదటిది, అందుబాటులో ఉంటాడు. త్రాగాలనిపించినప్పుడు, త్రాగకముందే ఫోను చేయమంటాడు. ఆ కోరిక అలవంటిది. లేస్తుంది, కొంతసేపటికి విరిగిపోతుంది. ఆ కొంతసేపు ఎవరైనా మాటలలో పెట్టి నిలిపితే ఆ దినము గడుస్తుంది. జీవితాంతము మానాలనే బరువు అతని మీద పెట్టడు. ఈ దినము మాత్రము చాలునంటాడు.

రెండవది, అపాయపు దినములు ముందే గుర్తుచేస్తాడు. ఆకలి, కోపము, ఒంటరితనము, అలసట – ఈ నాలుగింటిలో ఏది ఉన్నా జాగ్రత్త అని ఎ.ఎ.లో నేర్పుతారు. మన ప్రాంతమునకు తగినట్లు మరికొన్ని కలుపుకోవచ్చు. శనివారము కూలి బట్వాడా. వేలములో పొగాకు అమ్మి డబ్బు చేతికి వచ్చిన దినము. కొల్లేరు ప్రక్క చెరువులలో రాత్రంతా చేపలు పట్టి తెల్లవారి ఒళ్లు నొప్పులతో ఇంటికి వచ్చే వేళ. పెండ్లి, దినము భోజనాలు. సంక్రాంతి మూడు రోజుల కోడిపందెములు. చెప్పటానికి సిగ్గైనా చెప్పాలి, క్రిస్మస్ రాత్రి కూడ. ఆ దినము ఎక్కడ ఉంటావు, ఎవరితో ఉంటావు, ఎప్పుడు ఇంటికి వస్తావు అని స్పాన్సర్ ముందు దినమే అడుగుతాడు.

మూడవది, పన్నెండు మెట్లు తనతో కూడ ఎక్కిస్తాడు. తనవల్ల కాదని ఒప్పుకోవటము మొదటి మెట్టు. తన బ్రతుకును దాచకుండ పరిశీలించి వ్రాసుకోవటము నాలుగవది. దానిని దేవుని ఎదుట, తన ఎదుట, మరొక మనిషి ఎదుట ఒప్పుకోవటము అయిదవది. ఆ మరొక మనిషి తరచుగా స్పాన్సరే. తొలినాటి ఆక్రన్ సభ్యులకు యాకోబు పత్రిక ఎంతో ప్రియమైనది. ఒకరితో ఒకరు తప్పులు ఒప్పుకొనుమని ఆ పత్రిక అయిదవ అధ్యాయములో ఉన్న బోధ మనకు తెలియనిది కాదు. తెలిసిన ఆ మాటను ఆచరించే చోటు మాత్రము మన సంఘములలో తక్కువ. బాకీ తీర్చి, బాధపెట్టినవారిని క్షమాపణ అడగటము తొమ్మిదవ మెట్టు. ఎవరిని ఎప్పుడు అడగాలి, ఎక్కడ మౌనముగా ఉండటము మేలు అనేదానికి స్పాన్సర్ సలహా కావాలి. తొందరపడి అడిగే క్షమాపణ ఎదుటివారికి గాయము చేయవచ్చును.

నాలుగవది, నిజము చెబుతాడు. “కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది” అని కుటుంబము దాస్తుంది. స్నేహితులు ముఖస్తుతి చేస్తారు. “నీవు మీ బావమరిది మీద కోపమని చెబుతున్నావు గాని, త్రాగటానికి సాకు వెదుకుతున్నావు” అని చెప్పగలవాడు స్పాన్సర్ ఒక్కడే. ఎందుకంటే ఆ సాకులన్నీ తాను వాడినవే!

ఏమి చేయడు?

స్పాన్సర్ అప్పు ఇవ్వడు, అప్పు తీసుకోడు. ఉద్యోగము ఇప్పించడు. భార్యాభర్తల తగవులో తీర్పరి కాడు. వైద్యుడు వ్రాసిన మందు మానుమని చెప్పడు. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ స్పాన్సర్‌గా ఉండటము మంచి ఆచారము. విన్న రహస్యము ఎవరితోను చెప్పడు. ముఖ్యముగా, ఎదుటివాని బ్రతుకును తాను బ్రతకడు.

గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు ఒకరి భారములు ఒకరు మోయమని రెండవ వచనములో చెప్పి, ఎవని బరువు వాడే మోసుకోవాలని అయిదవ వచనములో చెప్పటము విడ్డూరముగా తోచవచ్చు. స్పాన్సర్ పనిని చూస్తే ఆ రెండు మాటలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. మూట ఎత్తటానికి చెయ్యి వేస్తాడు. మూట మాత్రము అతని నెత్తినే ఉంటుంది.

పందెముల బరి దగ్గర నుండి ఒక ఫోను

మాకు తెలిసిన ఒక సహోదరుని సంగతి, అతని అనుమతితో, గుర్తులు మార్చి వ్రాస్తున్నాము. తాపీపని చేసేవాడు. రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, రెండుసార్లు మరల త్రాగాడు. మూడవసారి చేరినప్పుడు నగరములోని ఎ.ఎ. కూటములో లారీ మెకానిక్కు ఒకాయన స్పాన్సర్‌గా దొరికాడు. తాను మానివేసి పదకొండు ఏండ్లైనవాడు.

మొదటి సంక్రాంతి వచ్చింది. బావమరుదులు బలవంతము చేయగా ఈ సహోదరుడు పందెముల బరికి వెళ్లాడు. చుట్టూ వాసన. ఎవరో గ్లాసు చేతిలో పెట్టారు. దానిని పట్టుకొనే ప్రక్కకు వచ్చి ఫోను చేశాడు.

“అన్నయ్యా, గ్లాసు చేతిలో ఉంది.”

“త్రాగావా?”

“లేదు.”

“అన్నం తిన్నావా?”

“ప్రొద్దున్న టీ త్రాగాను, అంతే.”

“సరే. గ్లాసు కింద పెట్టు. ఫోను పెట్టేయకు. రోడ్డు మీదికి నడువు. హోటలు కనబడిందా? భోజనం చెప్పు. తిని మళ్లీ మాట్లాడు.”

అంతే సంభాషణ. వాక్యము చెప్పలేదు, తిట్టలేదు, శభాష్ అనలేదు. ఆ సహోదరుడు మాతో అన్న మాట మరువలేము. “అయ్యగారూ, మీకు ఫోను చేస్తే మీరు ప్రార్థన చేసేవారు. అది మంచిదే. కాని అన్నం తిన్నావా అని అడగాలని మీకు తోచేది కాదు. ఆయనకు తోచింది, ఎందుకంటే ఆయనా ఖాళీ కడుపుతోనే పడిపోయాడు.”

దానిలో మరొక మర్మము కూడ ఉన్నది. ఆ ఫోను వచ్చిన సాయంత్రము తనకు కూడ పండుగ ఒంటరితనము పట్టి పీడిస్తున్నదనీ, తమ్ముని నిలబెట్టే పనిలో తానే నిలబడ్డాననీ ఆ మెకానిక్కు తరువాత చెప్పాడు. ఆక్రన్‌లో బిల్ తెలుసుకొన్నది ఇదే.

కాపరి స్పాన్సర్ కాగలడా?

ఎప్పుడూ త్రాగని కాపరి మంచి స్నేహితుడు కాగలడు గాని, సాధారణముగా స్పాన్సర్ కాలేడని మా అభిప్రాయము. ఇది తక్కువతనము కాదు. టంక్స్ పాదిరిగారు ఆ దినము తానే వచ్చి బిల్‌కు ప్రసంగము చేయలేదు. ఫోను ఎత్తారు, పేర్లు ఇచ్చారు. ఆయన చేసిన ఆ చిన్న పని లేకపోతే ఆ ఇద్దరు కలిసేవారే కాదు. కాపరి పని ద్వారము తెరవటము.

సంఘము చేయగల మేలులు మరికొన్ని ఉన్నాయి. వారములో ఒక సాయంత్రము ఒక గది వారికి కూటము కొరకు ఇవ్వవచ్చు. లోపల ఎవరు ఏమి మాట్లాడారో అడగకూడదు. మానిన నలువది దినములకే వేదిక ఎక్కించి సాక్ష్యము చెప్పించటము మానాలి. మెప్పు తలకెక్కిన తరువాత పడితే, సిగ్గుతో సంఘమునకే దూరమవుతాడు. నీటిపారుదల లేని చోట మొక్క నాటి చప్పట్లు కొట్టినట్లుంటుంది అది.

భార్యలను, పిల్లలను మరువరాదు. అప్పులు తీర్చినది ఆమె, వాంతులు కడిగినది ఆమె, మేస్త్రీకి జ్వరమని అబద్ధము చెప్పినది ఆమె. ఆమెకూ తోడు కావాలి. 1951లో లోయిస్ విల్సన్ మొదలగువారు త్రాగుబోతుల కుటుంబముల కొరకు ‘అల్-అనాన్’ అనే సహవాసము స్థాపించారు. మన దేశములో శాంతి రంగనాథన్‌గారు త్రాగుడు వలన భర్తను పోగొట్టుకొని, 1980లో మద్రాసులో టి.టి. రంగనాథన్ చికిత్సా సంస్థను ప్రారంభించారు. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించింది. ఒక విధవరాలి కన్నీరు వేలమందికి వైద్యశాలైంది.

మరల పడితే?

పడవచ్చును. డాక్టరు బాబే పడ్డాడు. మరల పడుట చికిత్స వ్యర్థమైనదనుటకు గుర్తు కాదు. ఏ మెట్టు జారిందో చూచుకొనుటకు గుర్తు. స్పాన్సర్ అప్పుడు “నేను చెప్పలేదా?” అనడు. “ఎక్కడున్నావు?” అని అడుగుతాడు.

ఈ మార్గము నిజముగా పని చేస్తుందా అని అడిగేవారికి ఒక మాట. 2020లో కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలో 27 అధ్యయనములను, పదివేలకు పైబడిన రోగులను పరిశీలించారు. ఎ.ఎ. కూటములకు క్రమపద్ధతిలో నడిపించే చికిత్స, పూర్తిగా మానివేసి నిలిచే విషయములో ఇతర మానసిక చికిత్సల కంటె మెరుగైన ఫలితమిచ్చిందని తేల్చారు. ఇది అందరికి సరిపడుతుందని కాదు. కొందరికి నాల్‌ట్రెక్సోన్ వంటి మందులు, కొందరికి మానసిక వైద్యుని సలహా కూడ అవసరము. మందు, మనిషి, ప్రార్థన ఒకదానికొకటి శత్రువులు కావు.

ఇక మనము చేయవలసినది

ప్రియ పాఠకులారా, ఈ పత్రిక చేతిలో పట్టుకొన్నవారిలో త్రాగుడుతో పోరాడే సహోదరుడు ఎవరైనా ఉంటే, దయచేసి ఒంటరిగా ఒట్టు పెట్టుకోకండి. మొదట వైద్యుని కలవండి. వ్యసన విముక్తి కొరకు కేంద్ర ప్రభుత్వము వారి ఉచిత ఫోను 14446. మనస్సు కలతకు టెలి మానస్ 14416. విజయవాడ, విశాఖపట్నము, హైదరాబాదు వంటి నగరములలో ఎ.ఎ. కూటములు జరుగుతాయి. ఒక కూటమునకు వెళ్లి వెనుక కూర్చోండి. మాట్లాడనక్కరలేదు. వినండి. ఎవరి మాటలో మీ బ్రతుకు వినబడుతుందో, ఎవరి నడతలో నెమ్మది కనబడుతుందో, వారిని “అన్నయ్యా, నాకు తోడుంటారా?” అని అడగండి.

మానివేసి ఏండ్లు గడచిన సహోదరులారా, మీతో మరొక మాట. మీ పాత బ్రతుకును తలచి సిగ్గుపడి మూలకు కూర్చున్నారు. ఊరు మరచిపోతే చాలునని మౌనముగా ఉన్నారు. మేము నాలుగు సంవత్సరములు వేదశాస్త్రము చదివినా నేర్వని ఒక భాష మీకు వచ్చును. మీ వీధి చివర ఒక ఇంటిలో ఈ రాత్రి ఒకడు వణుకుతూ కూర్చున్నాడు. అతనికి మా ప్రసంగము కన్న మీ ఫోను నంబరు ఎక్కువ పనికివస్తుంది. మంచి సమరయుడు గాయపడినవానిని సత్రములో చేర్చి, రెండు దేనారములు ఇచ్చి, అంతటితో చేతులు దులుపుకోలేదు. మరల వస్తానని చెప్పి వెళ్లాడు. అలా మరల వచ్చేవాని కొరకే మన పల్లెలలో ఎన్నో ఇండ్లు తలుపు తీసి ఎదురుచూస్తున్నాయి.